ఐసు కవర్లో వచ్చిన ఇంజక్షన్: ఎనిమిదో నెలలో డాక్టరు మారిన ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఎవరో గుర్తుపట్టకుండా ఊరు, మరికొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించిన అంకెలు మాత్రం నా నోట్సులో ఉన్నవే.

వయసు 27. రక్తం ఓ నెగటివ్, భర్తది బి పాజిటివ్. ఇది రెండో గర్భం. మొదటిది రెండేళ్ళ కిందట తొమ్మిదో వారంలో నిలవలేదు, బెంగళూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి శుభ్రం చేసే డీ అండ్ సీ చేశారు. ఆ కాగితాలేవీ లేవు. కాపురం బెంగళూరులో, పుట్టిల్లు పాకాల వైపు ఒక పల్లె. తిరుపతిలో నా దగ్గరికి వచ్చేసరికి 33 వారాల ఒక రోజు. అప్పటికి నేను మూడో డాక్టర్ని.

మూడో డాక్టర్ని అంటే ఆమె ఎవరితోనో పడక వచ్చిందనుకోవద్దు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింటివాళ్ళ బాధ్యత. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, గాజులు తొడిగి, ఒడి నింపి అమ్మాయిని పుట్టింటికి పంపిస్తారు. ఆ రోజు కారులో చీరలు, పళ్ళు, స్వీట్ల డబ్బాలు అన్నీ ఎక్కుతాయి. ఫైలు ఎక్కిందో లేదో చూసేవాళ్ళు తక్కువ. ఆరేడు నెలలు చూసిన డాక్టరు బెంగళూరులోనో చెన్నైలోనో ఉండిపోతుంది, మిగతా రెండు నెలలూ, కాన్పూ ఇంకొకరి చేతిలో పడతాయి. కడుపుతో ఉండగా డాక్టర్ని మార్చొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మన ఇళ్ళలో ఆ నిర్ణయం పెళ్ళిచూపుల నాడే అయిపోయి ఉంటుంది.

ఈమెకు ఏడో నెలలో సీమంతం అయింది. ఊరికి వచ్చాక ముందు పాకాలలో ఒక క్లినిక్కులో చూపించారు. అక్కడి డాక్టరమ్మ ఒక్కసారే చూసింది. నెగటివ్ గ్రూపు, పైగా తన దగ్గర ఆపరేషన్ థియేటర్ లేదు. రుయా, స్విమ్స్ బ్లడ్ బ్యాంకులు అందుబాటులో ఉంటాయి, తిరుపతికి వెళ్ళండి అని చీటీ రాసిచ్చింది. మంచి నిర్ణయమే. చీటీలో ఉన్నది మాత్రం ఒకే వాక్యం: "ఆర్‌హెచ్ నెగటివ్ ప్రెగ్నెన్సీ, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్." ఈ నీడ్‌ఫుల్ మా వృత్తిలో అందరం రాస్తాం, నేనూ రాస్తాను. ఇకమీదట చేయాల్సింది చేయమంటాం. ఇంతవరకు ఏం చేశామో చెప్పం.

అమ్మాయి తల్లి ఒళ్ళో చీరల కొట్టు కవరు. అందులోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పరిచింది. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ రిపోర్టు, నాలుగు మడతలు పెట్టిన ఫిల్ముతో సహా. గ్లూకోజు నీళ్ళు తాగించి చేసిన షుగర్ పరీక్ష, 118, బాగుంది. హిమోగ్లోబిన్ 10.2. థైరాయిడ్. బ్లడ్ గ్రూపు కాగితం. మూడు ప్రిస్క్రిప్షన్లు, ఒక క్యాంటీన్ టోకెన్. మొదటి మూడు నెలల స్కాన్ లేదు, నెగటివ్ గ్రూపువాళ్ళకు చేసే కూంబ్స్ పరీక్ష లేదు. అమ్మాయిని అడిగితే, "అవన్నీ యాప్‌లో ఉండాయి మేడం, ఆయన ఫోన్లో" అంది. ఆయన బెంగళూరులో ఉన్నాడు.

నెగటివ్ గ్రూపంటే ఎందుకింత హడావుడి అనేవాళ్ళ కోసం నాలుగు మాటలు. మన జనంలో నెగటివ్ గ్రూపువాళ్ళు నూటికి ఐదుగురు, అటూఇటూ. వాళ్ళ ఎర్రకణాల మీద డి అనే గుర్తు ఉండదు. బిడ్డకు తండ్రి నుంచి ఆ గుర్తు వస్తే బిడ్డ పాజిటివ్. కాన్పప్పుడో, అబార్షన్ అయినప్పుడో, ఒక్కోసారి నెలలు నిండుతుండగానో బిడ్డ రక్తం కొంచెం తల్లి ఒంట్లో కలుస్తుంది. తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఒకసారి నేర్చుకుంటే ఇక మర్చిపోదు. తర్వాతి గర్భంలో ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్ళి బిడ్డ ఎర్రకణాలను పగలగొడతాయి. బిడ్డకు కడుపులోనే రక్తం తగ్గిపోతుంది, ముదిరితే ఒళ్ళంతా నీరు చేరుతుంది. తల్లి ఒళ్ళు ఈ పాఠం నేర్చుకోకముందే వేసేది యాంటీ-డి ఇంజక్షన్. 1968 నుంచి వాడకంలో ఉంది. 28వ వారంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి. ఆ ఇంజక్షన్లో ఉండేది వేరే మనుషుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

"యాంటీ-డి వేయించుకున్నావా అమ్మా?" అని అడిగాను.

"లేదు మేడం."

"ఏడో నెలలో ఇంజక్షన్ ఏదైనా?"

"టీటీలు ఏసినారు మేడం."

నోట్సులో రాసుకున్నాను: యాంటీ-డి తీసుకోలేదు. ఆ పేజీని తర్వాత చాలాసార్లు తిరగేశాను. "లేదంటోంది" అని రాసుంటే మళ్ళీ అడగాలని తోచేదేమో. "తీసుకోలేదు" అని రాయడంతో ఆ తలుపు నా చేత్తో నేనే మూసేశాను. ల్యాబ్ ఫారంలో కూడా ఒక గడి ఉంటుంది, యాంటీ-డి ఇచ్చారా, ఇస్తే ఎప్పుడు అని. అక్కడా 'నో' అని కొట్టాను.

33 వారాలకు వచ్చి, ఇంజక్షన్ పడకపోతే చేయాల్సింది ముందు ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్టు, మా భాషలో ఐసీటీ. తల్లి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేవో చెప్పే పరీక్ష. నెగటివ్ వస్తే వెంటనే యాంటీ-డి వేసేయాలి. రక్తం తీసి పంపాం.

రాత్రి ఎనిమిదిన్నరకు ల్యాబ్ నుంచి వాట్సాప్ వచ్చింది: ఐసీటీ పాజిటివ్, టైటర్ రేపు ఇస్తాం. టైటర్ అంటే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె.

నా బుర్రలో లెక్క గబగబా కుదిరిపోయింది. రెండేళ్ళ కిందట అబార్షన్. అప్పుడు యాంటీ-డి వేసినట్టు ఆధారం లేదు. ఈసారీ వేయలేదు. కాబట్టి ఒళ్ళు యాంటీబాడీలు నేర్చేసుకుంది. టైటర్ వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. ఆగలేదు, ఇంటికి ఫోన్ చేశాను. బిడ్డకు కడుపులో రక్తం తగ్గే ప్రమాదం ఉంది, రేపే డాప్లర్ స్కాన్ చూడాలి, అవసరమైతే చెన్నై పోయి కడుపులో ఉన్న బిడ్డకే రక్తం ఎక్కించుకోవాల్సి రావచ్చు అని చెప్పాను. ఒక్కొక్కటిగా చూస్తే వీటిలో అబద్ధం లేదు. కానీ రాత్రి తొమ్మిదికి, ఫోన్లో, సగం రిపోర్టు పట్టుకుని చెప్పే మాటలు కావవి. పైగా ఫోన్ స్పీకర్లో ఉందని నాకు తెలీదు.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత తెలిసింది. తల్లి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళలు కట్టి ఏడుకొండలవాడికి ముడుపు పెట్టింది. నాయన చెన్నైకి కారు మాట్లాడాడు. బెంగళూరులో అత్తగారు, "మొదటిది పోయినప్పుడే అనుకున్నా, ఆ పిల్ల రక్తం మావాడికి పడలేదని" అన్నదట. ఆ మాట ఎవరో ఒకరు మోసుకొచ్చి అమ్మాయి చెవిన వేశారు. భర్త ఆఫీసు లాప్‌టాప్ మూసేసి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా రాత్రంతా బండి నడుపుకుంటూ తెల్లారేసరికి ఊళ్ళో దిగాడు.

పొద్దున తొమ్మిదింటికి నలుగురూ నా గది ముందున్నారు. అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "పాప కదుల్తా ఉండాది మేడం, రాత్రంతా చెయ్యి పెట్టుకోనే ఉన్నా" అంది. కడుపులో ఉన్నది ఆడో మగో ఎవరికీ తెలీదు. మా వైపు చంటిబిడ్డ ఎవరైనా పాపే.

ముందు డాప్లర్. బిడ్డ మెదడుకు వెళ్ళే ఒక రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. రక్తం తగ్గితే పలచబడుతుంది, పలచబడితే వేగం పెరుగుతుంది. ఆ వారానికి ఉండాల్సిన వేగానికి ఒకటిన్నర రెట్లు దాటితే అనుమానించాలి. ఈమెకు 1.1 వచ్చింది. ఉమ్మనీరు మామూలుగా ఉంది, బిడ్డ ఒంట్లో ఎక్కడా నీరు లేదు. పదకొండింటికి టైటర్ వచ్చింది: 1:4.

ఆ అంకె చూశాక కుర్చీలో వెనక్కి వాలాను. బిడ్డకు ప్రమాదమని కంగారు పడాల్సిన టైటర్ 1:16, కొన్ని ల్యాబుల లెక్కలో 1:32. ఈ 1:4 మొదలవుతున్న అసలు యాంటీబాడీ కావచ్చు. కొన్ని వారాల కిందట వేసిన యాంటీ-డి ఇంజక్షన్ ఇంకా ఒంట్లో తిరుగుతున్నా సరిగ్గా ఇలాగే వస్తుంది. ఇంజక్షన్లో ఉన్నవీ యాంటీబాడీలే కదా, మూడు వారాలకు సగం చొప్పున తగ్గుతూ రెండు మూడు నెలలదాకా పరీక్షలో కనిపిస్తుంటాయి. ఒళ్ళు తయారుచేసుకున్నదేదో, సిరంజిలో వచ్చిందేదో ఈ పరీక్ష విడదీసి చెప్పలేదు. చెప్పాల్సింది కాగితం. లేదా మనిషి.

కానీ మనిషి నిన్ననే లేదంది. తనకు తెలిసినంతలో నిజమే చెప్పింది. యాంటీ-డి అన్న పేరు ఆమెకు ఎవరు చెప్పారు గనక? పేరు మాది, ఇంజక్షన్ ఆమెది. నేను నా పేరుతో అడిగాను.

ఈసారి భర్త వైపు తిరిగి వేరేలా అడిగాను. "ఏడో నెలలో ఖరీదైన ఇంజక్షన్ ఏదైనా బయట మెడికల్ షాపులో కొనుక్కు రమ్మన్నారా బాబూ? ఐసులో పెట్టి తెచ్చుకునేది?"

అతను తలెత్తాడు. "ఆ, ఉంది మేడం! ఐసు కవరు!"

ఇక ఆపితే ఆగలేదు. ఆసుపత్రి ఫార్మసీలో స్టాకు అయిపోయిందట. మూడు షాపులు తిరిగితే నాలుగోచోట ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారు. ఐసు ముక్కలు వేసిన ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎక్కడా ఆగకుండా తీసుకెళ్ళమన్నారు. స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చాడు. కవరుకు చిల్లు పడి ప్యాంటు మోకాలిదాకా తడిసింది, ఆసుపత్రి లిఫ్టులో నీళ్ళు కారుతుంటే సెక్యూరిటీ అతను కసురుకున్నాడు. అదంతా గుర్తుంది. ఇంజక్షన్ పేరు ఒక్కటే గుర్తులేదు.

అమ్మాయి అతని వైపు ఆశ్చర్యంగా చూసింది. "అది టీటీ కాదా? అయినా దాన్ని నడుముకు ఏసినారు, మిగతావన్నీ చేతికే."

"రేటెంతైంది?" అన్నాను. ఫోన్‌పే తెరిచి వెనక్కి జరుపుకుంటూ పోయాడు. పాలు, పెట్రోలు, కరెంటు బిల్లు, పళ్ళు, సీమంతానికి పూలు. టేబుల్ చుట్టూ అందరం ఆ ఫోన్ మీదే వంగి ఉన్నాం, తల్లి కూడా, ఆమెకు అందులో ఏమీ కనబడకపోయినా. దొరికింది. ఒక మెడికల్ షాపు, రెండు వేల ఆరు వందల చిల్లర. తేదీ లెక్కేస్తే ఆ రోజుకు 28 వారాల మూడు రోజులు.

మూడు వేలకు దగ్గర పడే ఇంజక్షన్, 28వ వారం, ఐసు, నెగటివ్ గ్రూపు. ఇక వేరేది అయ్యే అవకాశం తక్కువ. అయినా ఫోన్‌పేని నమ్మి వైద్యం చేయలేం కదా. బెంగళూరు ఆసుపత్రికి ఫోన్ చేశాను. రిసెప్షన్, అక్కడి నుంచి ఓపీ, అక్కడి నుంచి మెడికల్ రికార్డ్స్, చివరికి "మెయిల్ పెట్టండి మేడం". భర్త చేత అక్కడే కూర్చోబెట్టి మెయిల్ పెట్టించాను. పేషెంటు గాని, వాళ్ళ తరఫువాళ్ళు గాని రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. చాలామందికి తెలీదు, అడగరు. (యాంటీ-డి 72 గంటలకూ దీనికీ సంబంధం లేదు, అంకె ఒకటే కావడం నాకు గుర్తుండటానికి పనికొచ్చింది.)

72 గంటలు పట్టలేదు. సాయంత్రం ఏడింటికి అక్కడి డాక్టరే ఫోన్ చేసింది. ఇంజక్షన్ రూము రిజిస్టర్లో ఆ పేజీ ఫోటో తీసి పంపింది. 300 మైక్రోగ్రాములు, బ్యాచ్ నంబరు, నర్సు సంతకం. "మా సిస్టంలో ఎక్కింది మేడం, వాళ్ళకిచ్చిన బుక్కులో రాయడం మర్చిపోయినట్టున్నారు" అంది. ఆమె గొంతులో ఇబ్బంది వినిపించింది. నాకెందుకో ఆమె మీద కోపం రాలేదు. నా టేబుల్ మీద నేను రాసిన 'నో' ఇంకా అలాగే ఉంది.

మిగిలింది యాప్. అది భర్త పాత ఆఫీసు నంబరు మీద ఉంది, ఓటీపీ అక్కడికి పోతుంది, ఆ సిమ్ము ఎప్పుడో తిరిగిచ్చేశాడు. నంబరు మార్పించుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. తెరుచుకున్నాక అన్నీ ఉన్నాయి. ఏడో వారం స్కాన్, దాన్నిబట్టి వేసిన డెలివరీ తేదీ, 12వ వారంలో చేసిన ఐసీటీ: నెగటివ్. అంటే రెండేళ్ళ కిందటి అబార్షన్ వల్ల ఒళ్ళు ఏమీ నేర్చుకోలేదు. నేను ఆ రాత్రి కుదుర్చుకున్న లెక్కలో మొదటి మెట్టే లేదు.

ఇక్కడ కొంచెం ఆగి, ఈ విషయం తేలకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పాలి. ఐసీటీ చేయకుండా ఇంకో యాంటీ-డి వేసేసి ఉంటే పెద్ద నష్టం లేదు, మూడు వేలు దండగ అంతే. వారం వారం డాప్లర్లు తీసి, ఎందుకైనా మంచిదని 37వ వారంలో ఆపరేషన్ చేసేసి ఉన్నా బిడ్డ బాగానే ఉండేవాడు, తల్లికి ఒక కోత మిగిలేది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం కాన్పు తర్వాత పొంచి ఉంది. ఒళ్ళు ఒకసారి యాంటీబాడీలు నేర్చుకున్నాక యాంటీ-డి వేసినా ఉపయోగం లేదు. కాబట్టి ఫైలు మీద 'ఐసీటీ పాజిటివ్, సెన్సిటైజ్డ్' అని ఉంటే కాన్పయ్యాక ఎవరూ ఆ ఇంజక్షన్ వేయరు. కాన్పప్పుడే బిడ్డ రక్తం ఎక్కువగా కలిసేది. బిడ్డ పాజిటివ్ అయ్యుండి, ఇంజక్షన్ పడకపోతే, అప్పుడు ఆ ఒళ్ళు నిజంగానే నేర్చుకునే అవకాశం ఉంది. రెండో బిడ్డ దగ్గర తేలేది. లేని జబ్బు ఉందని రాసి, ఆ రాతతోనే జబ్బు తెప్పించినట్టు అయ్యేది. ఆ రోజు నా గదిలో ఉన్నవాళ్ళలో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బయటికి చెప్పలేదు. ఒకసారి తొందరపడి చెప్పింది చాలు.

ఇంజక్షన్ పడిందని తేలినంత మాత్రాన ముగిసినట్టు కాదు. ఇంజక్షన్ యాంటీబాడీల వెనక అసలువి కూడా దాక్కుని ఉండొచ్చు. తేల్చేది కాలమే. సిరంజిలో వచ్చినవైతే తగ్గుతాయి, ఒళ్ళు చేసుకున్నవైతే పెరుగుతాయి. ఫారంలో ఈసారి తేదీతో సహా రాసి 35వ వారంలో మళ్ళీ పంపాను. పలుచన చేయని సీరంలో మాత్రం బలహీనంగా కనిపించింది. డాప్లర్ మళ్ళీ మామూలే. 37వ వారంలో ఐసీటీ నెగటివ్.

మధ్యలో ఒక ఫోన్ నేనే చేశాను. ఈసారి స్పీకర్లో పెట్టమని నేనే అడిగాను, అత్తగారిని కూడా కాన్ఫరెన్స్‌లో కలపమన్నాను. రాత్రిపూట సగం రిపోర్టుతో చెప్పడం నా తొందరపాటు అన్నాను. రక్తం పడటం, పడకపోవడం అనేది ఎవరి తప్పూ కాదు, నెగటివ్ గ్రూపు అమ్మాయికి పాజిటివ్ అబ్బాయి దొరకడం మన ఊళ్ళల్లో మామూలు విషయం, నూటికి తొంభై అయిదుమంది పాజిటివే అని చెప్పాను. అత్తగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బిడ్డకు ఇబ్బంది లేదు కదా మేడం?" అంది. లేదన్నాను. అమ్మాయి తల్లి మాత్రం, "పోనీలే మేడం, ముడుపు ఊరికే పోలేదు" అంది. ఆ లెక్క నాకు మించినది.

కాన్పు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 39 వారాల రెండు రోజులకు నొప్పులొచ్చి తెల్లవారుజామున చంద్రగిరి మీదుగా కారులో వచ్చారు. మధ్యాహ్నానికి సాధారణ కాన్పు. మగబిడ్డ, 2.9 కిలోలు. బొడ్డుతాడు రక్తం బి పాజిటివ్, బిడ్డ రక్తం మీద చేసే డైరెక్ట్ కూంబ్స్ నెగటివ్. మూడో రోజు కామెర్లు చూశాం, మామూలు మోతాదే. బిడ్డ పుట్టిన 22 గంటలకు తల్లికి యాంటీ-డి వేశాం. సీసా మీది స్టిక్కర్ ఊడదీసి, ఊరి ఆశా కార్యకర్త ఇచ్చిన తల్లీబిడ్డ రక్షణ కార్డు మీద అతికించి, పక్కన తేదీ, టైము రాసి సంతకం పెట్టాను. భర్త దాన్ని ఫోటో తీసుకున్నాడు.

ఈ కేసు తర్వాత నేను అడిగే తీరు మార్చుకున్నాను. మందు పేరుతో అడగను. ఎక్కడ వేశారు, చేతికా నడుముకా, ఎవరు కొనుక్కొచ్చారు, ఎంతైంది, ఐసులో తెచ్చారా, వేసిన పూట ఏం తిన్నారు అని అడుగుతాను. నవ్వుతారు, కానీ చెబుతారు. కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేసే స్టిరాయిడ్ ఇంజక్షన్ అయినా అంతే, "ఒకరోజు తేడాతో రెండు వేశారా?" అంటే గుర్తొస్తుంది. బెటామెథాసోన్ అంటే రాదు.

డాక్టరు మారేవాళ్ళందరూ పుట్టింటికని రారు. ఆపరేషన్ అంటారేమోనన్న భయంతో 37వ వారంలో వచ్చేవాళ్ళు నెలకు కొందరు ఉంటారు. కొందరికి డాక్టరు మాట కటువు, కొందరికి బిల్లు ఎక్కువ, కొందరికి లేడీ డాక్టర్ కావాలి. కారణం ఏదైనా తప్పుపట్టను, మారే హక్కు వాళ్ళది. ఒక్క రకం మాత్రం భయపెడుతుంది. పాత ఫైలు సంచిలోనే పెట్టుకుని బయటికి తీయరు. పాత డాక్టరు రాసింది చూస్తే మీరూ అదే చెబుతారని అనుమానం. మొన్నామధ్య శ్రీకాళహస్తి నుంచి వచ్చినావిడ మొదటి కాన్పు సిజేరియన్ అని చెప్పింది గానీ, ఆ ఆపరేషన్లో గర్భసంచిని నిలువుగా కోసిన సంగతి ఉన్న డిశ్చార్జి కాగితం దాచేసింది. నిలువు కోత ఉన్నవాళ్ళకు నొప్పులు రానివ్వకూడదు, గర్భసంచి చిట్లే ప్రమాదం అడ్డకోత కంటే చాలా ఎక్కువ. ఆవిడ చెల్లెలు ఇంటికెళ్ళి తెచ్చింది కాబట్టి సరిపోయింది.

సీమంతానికి ముహూర్తం పెట్టుకున్నారని తెలియగానే, ఇప్పటిదాకా చూసిన డాక్టరు దగ్గర ఒక పేజీ రాయించుకోమని నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల తల్లులకు చెబుతున్నాను. మొదటి స్కాన్ తేదీ, దాన్నిబట్టి డెలివరీ తేదీ, బ్లడ్ గ్రూపు, వేసిన ఇంజక్షన్లు తేదీలతో, పాత ఆపరేషన్ ఉంటే దాని వివరం. చివరి స్కాన్ల తేదీలు రెండు మూడు వారాలదాకా అటూఇటూ అవుతాయి, మొదటి స్కానే నమ్మదగ్గది. యాప్‌లో ఉన్నవన్నీ ప్రింటు తీయాలి, లేదా పీడీఎఫ్‌లు అమ్మాయి ఫోన్లోనే ఉండాలి. బెంగళూరు నుంచి తిరుపతి అయిదారు గంటల దారి. కాన్పు ఇక్కడే అనుకుంటే 28, 30 వారాల మధ్య ఒక్కసారి వచ్చి చూపించుకుని, కావాలంటే మళ్ళీ వెళ్ళి తొమ్మిదో నెలకు రావచ్చు. మా వైపు నుంచి కూడా ఒకటుంది. పాత డాక్టరుకు ఫోన్ చేయడానికి మాలో చాలామందికి మొహమాటం, అహం కూడా. ఆ బెంగళూరు డాక్టరుతో నేను మాట్లాడింది నాలుగు నిమిషాలు.

పిల్లవాడికి తొమ్మిదో నెలలో కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించి, ముడుపు చెల్లించి, దిగేటప్పుడు నా దగ్గరికి వచ్చారు. గుండుకు గంధం పూసుంది, వాడు దాన్ని తుడిచి నా స్టెతస్కోపుకు రాశాడు. తల్లికి ఐసీటీ పంపాను, ఫారంలో గడులన్నీ నింపి. సాయంత్రానికి నెగటివ్ అని వచ్చింది. రిపోర్టు చేతికిస్తుంటే భర్త పర్సులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీశాడు. కాన్పప్పుడు ఇంజక్షన్ కొన్న బిల్లు, సిరా సగం చెరిగిపోయి ఉంది.

"ఇదీ ఫైల్లో పెడుదునా మేడం?" అన్నాడు.

జిరాక్స్ తీసి పెట్టమన్నాను, ఆ కాగితం మీద అక్షరాలు ఇంకో ఏడాదికి నిలవవని.